అడ్డవీధి దారి

మా బజారు వీధిలోకి బళ్ళు రాకూడదని తీర్మానించినప్పుడు సంతోషించినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ తరవాత నేను పెట్టిన పేచీ చూసి, ఈవిడకి మొదట్నించీ ఆ వీధి బాగుపడటం ఇష్టం లేదని చాలామంది అనుకున్నారు. అబ్బే! కాపరానికి వచ్చిన నాటినించీ ఆ వీధిలో నేను పడ్డ అవస్థ వాళ్ళకేం తెలుసు? కొట్టు మెట్టు దిగితే చాలు, మోటారుసైకిల్ హ్యాండిల్ వచ్చి డొక్కలో పొడిచేది. ఇటు సిమెంటు బస్తాల ఆటో, అటు అరటిగెలల బండి, మధ్యలో ఎవరో కారాయన అద్దం దించి లోకాన్నంతా తిడుతూ ఉండేవాడు. ఆ హారన్లలో "ఇది నెమలిపింఛం రంగండీ, పచ్చ కాదు" అని చెప్పడానికి గొంతు చించుకోవాల్సి వచ్చేది.

అందుకే వీధంతా రాళ్ళు పరిచి, కూర్చోడానికి బల్లలు వేసి, కుండీల్లో మొక్కలు పెట్టి, రెండు చివరలా ఇనప స్తంభాలు పాతి, ఇక మీదట ఇది నడిచేవాళ్ళ వీధి అని బోర్డు పెట్టినప్పుడు అమ్మయ్య అనుకున్నాను. ఆడవాళ్ళు పిల్లల చేతులు వదిలేసి కబుర్లు చెప్పుకుంటూ నడుస్తుంటే చూడముచ్చటగా ఉండేది. మొదటి వారం రోజులూ నేను కూడా పనేం లేకపోయినా ఆ చివరిదాకా వెళ్ళి వచ్చేదాన్ని. మా ఆయన నవ్వేవాడు, "ఏంటే, పెళ్ళికూతురిలా ఊరేగుతున్నావు" అని.

మా కొట్టు వీధికి నడిమధ్యలో ఉంటుంది. సరిగ్గా అక్కడే గోదావరి గట్టు నించి స్టేషన్ వైపు పోయే అడ్డవీధి ఒకటి మా వీధిని దాటుతుంది. వీధి మూసినప్పుడు ఆ అడ్డవీధికి కూడా రెండు పక్కలా స్తంభాలు పాతేశారు. మా కొంప ముంచినవి ఆ స్తంభాలే. ఎందుకో చెప్పాలంటే మా అత్తగారి గురించి చెప్పాలి.

మేం బట్టల కొట్టువాళ్ళం. పట్టుచీరలు, పంచెలు, జాకెట్టు గుడ్డలు అన్నీ ఉంటాయి, కానీ అవి ఏ కొట్లోనైనా దొరుకుతాయి. మా కొట్టుకి జనం వెతుక్కుంటూ వచ్చేది మధుపర్కాల కోసం. పెళ్ళిపీటల మీద వధూవరులు కట్టుకునే తెల్లటి నూలు బట్టలు, సన్నటి ఎర్రంచువి. మా వైపు చాలా ఇళ్ళల్లో పెళ్ళి బట్టలు తీసేటప్పుడు ముందు అవే తీస్తారు, ఆ తరవాతే ఎన్ని లక్షల చీరలైనా. మా కొట్లో వాటిని మడతపెట్టి కవర్లో పడేసి ఇవ్వరు. ఆ ఇంటి పెద్ద ముత్తయిదువ వచ్చి తివాచీ మీద కూర్చుంటుంది. మా ఇంటి పెద్ద ముత్తయిదువ ఎదురుగా కూర్చుని, బట్టల కొసలకి పసుపు రాసి, కుంకం పెట్టి, లక్ష్మీదేవి పటం ముందు కాసేపు ఉంచి, తాంబూలంతో ఆవిడ కొంగులో పెడుతుంది. మా అత్తగారి అత్తగారి నాటినించీ అదే ఆనవాయితీ.

మా అత్తగారి చెయ్యి చల్లని చెయ్యని పేరు. ద్రాక్షారామం నించి ఒకావిడ వచ్చేది. తన పెళ్ళికీ, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకీ, కూతురి పెళ్ళికీ ఈవిడ చేతివే. కూతురి కూతురికి ఇంకా సంబంధం కూడా కుదరలేదు, అప్పుడే వచ్చి "మీరు ఆరోగ్యం జాగ్రత్తండీ, మా మనవరాలికి కూడా మీరే ఇవ్వాలి" అని చెప్పి వెళ్ళింది. అలాంటి మాట వింటే మా అత్తగారి మొహం చూడాలి. నిజంగా రెండు రోజులు అన్నం తినకపోయినా ఉండగలదు ఆవిడ.

ఆవిడకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆపరేషన్‌కి గుండె తట్టుకోదన్నారు. అయినా కొట్టు మానలేదు. గట్టు దగ్గర మా ఇంటి నించి తెలిసిన ఆటో ఒకటి పొద్దున్నే ఎక్కించుకుని అడ్డవీధిలోంచి వచ్చి సరిగ్గా మా కొట్టు మెట్ల ముందు ఆపేది. ఒక పక్క ఆటో అతను, ఒక పక్క నేను పట్టుకుంటే రెండు మెట్లూ ఎక్కేసి తన చోట కూర్చునేది. ఇక సాయంత్రం దాకా మహారాణి. అడ్డవీధికి స్తంభాలు పాతాక ఆటో ఆ మూల ఆగిపోయింది. అక్కణ్ణించి మా మెట్ల దాకా ఉన్న దూరం నాకూ మీకూ లెక్కలోది కాదు. ఆవిడకి మాత్రం కాశీ ప్రయాణమే.

సరే, ఏదో ఒకటి చూద్దాం, తొందరేముంది అనుకోడానికి లేదు. మా మామగారు అప్పటికే మంచాన పడ్డారు. గుండె నీరసించిపోయింది, ఎన్నాళ్ళుంటారో చెప్పలేమని డాక్టరు మా ఆయన్ని పక్కకి పిలిచి చెప్పాడు. ఆయన పోతే మా అత్తగారు మధుపర్కాలు ముట్టుకోదు. ముట్టుకోకూడదని ఎవరూ చట్టం చెయ్యలేదు, అయినా ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు, కొట్టుకొచ్చే ప్రతి ఆడదానికీ తెలుసు. మామగారికి మాత్రం అదీ వేళాకోళమే. "నన్ను బాగా చూసుకోండర్రా. నేను పోతే మీ వ్యాపారం కూడా పోద్ది" అని దగ్గుతూ నవ్వేవారు. మా అత్తగారు "నోర్ముయ్యండి" అని కసిరి అవతలికి తిరిగేది. ఒకరోజు వంటింట్లో నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "ఆయనుండగా ఇంకొక్క పెళ్ళిళ్ళ సీజను కొట్లో కూర్చుంటానమ్మాయ్. ఆ తరవాత మీరెక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను."

ఒక్క సీజను. ఆవిడ నన్ను అడిగింది అంతే. నగలడగలేదు, తీర్థయాత్రలడగలేదు.

మా ఆయన చక్రాల కుర్చీ కొనుక్కొచ్చాడు. ముందు ఆవిడ ససేమిరా అంది. "నన్ను తోపుడుబండి మీద సామానులా బజార్లో తోసుకెళ్తారా?" అని. బతిమాలి ఒప్పించాం. ఆటో మూల దగ్గర ఆగింది, కుర్చీలో కూర్చోబెట్టాం, తీరా తోస్తే కుర్చీ స్తంభాల మధ్య దూరదు. మోటారుసైకిళ్ళు రాకుండా అంత దగ్గరగా పాతారు. ఆ మోటారుసైకిళ్ళేమో పక్కన మురుగుకాలవ మీది పలక ఎక్కి హాయిగా పోతూనే ఉన్నాయి. "అయ్యయ్యో, ఉండండమ్మగారూ" అంటూ నలుగురు మగవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆవిణ్ణి కుర్చీతో సహా పైకెత్తారు. పాపం మంచికే ఎత్తారు. ఎత్తేటప్పుడు చీర మోకాలి దాకా లేచిపోయింది. ఆవిడ రెండు చేతుల్తో చీర కిందికి లాక్కుంటూ, కళ్ళు మూసుకుని, గాల్లో అలా వేలాడింది. వీధి వీధంతా చూస్తోంది.

సాయంత్రం మళ్ళీ అలాగే మోయించుకుని ఇంటికెళ్ళి, "ఇంకెప్పుడూ నన్నలా ఎత్తించకండి" అంది. స్తంభాలు దాటాక కూర్చోబెడతామన్నా వినలేదు, ఆ కుర్చీ అటక ఎక్కేసింది.

మధుపర్కాలు ఇంటికి తెచ్చి ఇప్పిద్దామని కూడా చూశాను. ఆవిడే వద్దంది. "లక్ష్మీదేవి పటం ముందు ఇవ్వాల్సినవి మంచం పక్కన ఇస్తారా ఎవరన్నా? ఇక్కడ మందుల వాసన. పెళ్ళివాళ్ళని ఇక్కడికి రమ్మంటానా?" అంది. పోనీ కొట్లో నేనే ఇచ్చాను కొందరికి. చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదంటే మొహం మీద అనరు కదా మనవాళ్ళు! "పెద్దావిడ వచ్చాక మళ్ళీ వస్తామండీ, తొందరేం లేదు" అని చల్లగా చెప్పి, మజ్జిగ ఇస్తే తాగి, మెట్లు దిగి, బైపాస్ రోడ్డు పక్కన లిఫ్టులున్న పెద్ద షోరూముకి పోయేవారు. మళ్ళీ వచ్చినవాళ్ళని నేను చూడలేదు.

ఇక నేను అడ్డవీధి ఒక్కటీ తెరిపించాలని పట్టుబట్టాను. వీధంతా వద్దు మహాప్రభో, ఆ ఒక్క చోట ఆటోలు ఇటునించి అటు దాటనిస్తే చాలు. కనపడ్డ ప్రతివాడితోనూ అదే మాట. మా ఆయన "నీకు దయ్యం పట్టిందే" అన్నాడు. పడితే పట్టింది.

వీధిలో సగం మంది నాతో ఉన్నారు. పెద్ద మూటలు దించుకోవాల్సిన కొట్లవాళ్ళు, ముసలి ఖాతాదార్లున్న కంసాలి, మందుల కొట్టాయన. మిగతా సగం ససేమిరా వద్దన్నారు. అందులో అందరికంటే గట్టిగా వద్దన్నది మా ఎదురుగా గాజుల కొట్టావిడ. వరసకేమీ కాకపోయినా ఏళ్ళ తరబడి వదినగారూ వదినగారూ అనుకుంటున్నవాళ్ళం. మా ఇంట్లో పులిహోర చేస్తే ఆవిడకో గిన్నె, ఆవిడ ఊరినించి తంపటేసిన తేగలొస్తే మాకో కట్ట.

"వదినగారూ, మీరేం చెప్పినా వింటాను గానీ ఇది మాత్రం అనకండి" అందావిడ. "మా మనవరాలి పాదం మీదికి ఆటో చక్రం ఎక్కింది ఎక్కడో మర్చిపోయారా? ఇదిగో, ఈ అడ్డవీధి మలుపులోనే కదా!"

మర్చిపోలేదు. ఆ పిల్లని ఎత్తుకుని పరిగెత్తింది నేనే. ఇప్పటికీ ఆ పిల్ల కుడికాలు కాస్త ఈడుస్తూ నడుస్తుంది. వీధి మూసేశాక మొదటిసారి దాన్ని కొట్టు బయట ఆడుకోనిచ్చారు.

"ఒక్క ఆటో మెల్లగా దాటితే ఏమవుద్దండీ?" అన్నాను.

"మీ అత్తగారి ఆటో ఒక్కటే వస్తానంటే నేనే చీపురు పట్టి దారి ఊడుస్తాను. ఆ వెనకాల వచ్చేవాళ్ళని ఎవరాపుతారు? మీరా?"

ఆవిడన్నదాంట్లో తప్పేముంది? నేనన్నదాంట్లో మాత్రం తప్పేముంది? ఇద్దరం ఎవరి కొట్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం. ఆ తరవాత చాలా రోజులు మా మధ్య గిన్నెలు తిరగలేదు. వీధికి అటొకరు ఇటొకరు కూర్చుని, ఒకరు చూస్తే ఇంకొకరు తల తిప్పుకోవడం. చిన్నపిల్లల్లా అలిగాం, సిగ్గులేకుండా.

చివరికి వర్తక సంఘం కదిలింది. సంఘం అధ్యక్షుడు స్టీలు సామాన్ల కొట్టాయన. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. వీధి బాగు చేయించిన ఆఫీసరు గారినే సంఘం హాలుకి పిలిచి, అడ్డవీధి సంగతి ఆయన ముందే తేల్చుకుందామన్నాడు. వద్దనేవాళ్ళు వద్దంటారు, కావాలనేవాళ్ళు కావాలంటారు, ఆయన విని చెప్తాడు. సరేనన్నారు అందరూ. అంతలో ఎవరికి పుట్టిందో ఆ దిక్కుమాలిన బుద్ధి, "ఉత్తినే పిలిచి గొడవ చెప్తే ఏం బావుంటదండీ? మొదటిసారి మన హాలుకి వస్తున్నారు. ముందు సన్మానం చేసి, తరవాత మన మాట చెప్దాం" అన్నారు. అబ్బో, అవునవును అన్నారు అందరూ. కావాలనేవాళ్ళూ, వద్దనేవాళ్ళూ అంతా ఏకమయ్యారు ఆ ఒక్క విషయంలో. శాలువా మా కొట్లోదే. మంచి జరీ అంచుది చూసి మా ఆయన స్వయంగా తీశాడు.

సభకి నేను వెళ్ళాను. ఆడవాళ్ళ వరసలో ముందే కూర్చున్నాను. మా ఆయన మాట్లాడాలి, ఏం మాట్లాడాలో వారం రోజులుగా నేనే నూరిపోశాను. ఆఫీసరు గారు వచ్చారు. చిన్నవాడే, మర్యాదగా అందరికీ నమస్కారాలు పెట్టుకుంటూ వచ్చాడు. గజమాల వేశారు. శాలువా కప్పారు. పళ్ళబుట్ట ఇచ్చారు. జ్ఞాపిక ఇచ్చారు. పూతరేకుల డబ్బా ఇచ్చారు. ఇచ్చిన ప్రతిసారీ ఫోటో. ఆపైన ఒక్కొక్కళ్ళే మైకు దగ్గరికెళ్ళారు.

"తమరి చేతుల మీదుగా మా వీధికి కొత్త కళ వచ్చిందండి" అన్నాడొకాయన. ఈయన కొట్టుకి మూటలు రావడం లేదని పొద్దున్నేగా మొత్తుకున్నాడు! "మా జన్మలో ఇలాంటి వీధి చూస్తామనుకోలేదండి" అన్నాడు మందుల కొట్టాయన. "తమర్ని కన్నతల్లి ధన్యురాలండి" అన్నాడు ఇంకొకాయన. ఒకరిని మించి ఒకరు. మెడలో దండ వేసిన మనిషి ముందు ఫలానాది బాలేదని ఏ నోటితో అంటారు? అనలేరు. మా గోదావరి వాళ్ళ నోట ఆ మాట రాదు. ప్రాణం పోయినా రాదు.

మా ఆయన వంతు వచ్చింది. లేచాడు, మైకు పట్టుకున్నాడు, ఒకసారి దండ వంక చూశాడు, ఒకసారి నా వంక చూశాడు. "ఆయ్, పెద్దలందరూ చెప్పేశారండి. వారి మాటే నా మాట కూడానండి" అని దణ్ణం పెట్టి వచ్చి కూర్చున్నాడు.

నాకు ఒళ్ళు తెలీలేదు. ఇక నేనే చెప్తానని లేచి నిలబడ్డాను. "అయ్యా, ఒక్క మాట" అని నోరు తెరిచానో లేదో, హాలంతా లేచి నిలబడింది. వందన సమర్పణ అయిపోయిందట, జనగణమన మొదలెట్టారు. అందరితోపాటు నేనూ కదలకుండా నిలబడాల్సి వచ్చింది. పాట అయ్యేసరికి ఆఫీసరు గారికి ఇంకో ఊళ్ళో పని ఉందని కారు ఎక్కించేశారు.

బయటికొచ్చి అధ్యక్షుడు గార్ని పట్టుకున్నాను. "ఏంటండీ ఇది? అడుగుతామన్నారు, ఒక్కరన్నా అడిగారా?"

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "శాలువా కప్పిన చేత్తో ఎలా అడుగుతామమ్మా? బావుండదు కదా! ఇంకోసారి వీలు చూసుకుని మెల్లగా కలుద్దాం."

"ఎప్పుడండీ ఇంకోసారి? మా మామగారు పోయాకా?"

ఆయన తల దించుకున్నాడు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాడు. దారంతా ఆయన్ని తిడుతూనే ఉన్నాను. పడ్డాడు. ఇంటి దగ్గరికొచ్చాక మాత్రం "మా అమ్మకి ఏం చెప్పమంటావే?" అన్నాడు. ఆ గొంతు విన్నాక నాకు తిట్టే ఓపిక కూడా పోయింది.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. నడిచేవాళ్ళ వీధికి వ్యాపారులందరూ హర్షం తెలిపారని రాశారు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, పేపరు మడిచి, "శాలువా బావుంది. మన కొట్లోదేగా?" అంది.

ఇక ఆ తరవాత సంఘం వాళ్ళకి మొహం చెల్లలేదు. అంత పొగిడినవాళ్ళం ఇప్పుడు వెళ్ళి మార్చమని ఎలా అంటామని ఒకరు, కొన్నాళ్ళు పోనీండని ఒకరు. ముహూర్తాలు మొదలయ్యాయి. బాజాలు వినిపిస్తే అత్తగారు కిటికీ దగ్గరికి కుర్చీ లాగమనేది. ధవళేశ్వరం నించి పాత ఖాతాదారొకావిడ కూతురి పెళ్ళి కుదిరిందని ఫోన్ చేసింది. "కొట్లో ఉంటారా పిన్నిగారూ?" అని అడిగితే, "చూద్దామమ్మా, దారి తెరుస్తారంటున్నారు" అంది ఈవిడ. ఎవరంటున్నారు? ఎవరూ అనడం లేదు. నేను పక్కనే ఉండి విన్నాను, కాదనలేకపోయాను. ముహూర్తాలూ అయిపోయాయి.

వానలు పడుతుండగా మామగార్ని హాస్పిటల్లో చేర్చాం. అక్కడికి గాజుల కొట్టావిడ వచ్చింది, అన్నాళ్ళ తరవాత, చేతిలో ఇడ్లీల క్యారేజీతో. వరండా బల్ల మీద నా పక్కన కూర్చుంది. కాసేపు ఇద్దరం వాన చూశాం. ఆవిడే మొదలెట్టింది.

"ఇవాళ పొద్దున ఆ ఆఫీసరు గారి దగ్గరికెళ్ళానండీ వదినగారూ."

"మీరా? ఎందుకూ?"

"అడ్డవీధి తెరవమని అడగడానికి. మీ అత్తగారి సంగతంతా చెప్పాను. మా పిల్ల కాలి సంగతి కూడా చెప్పాను. స్పీడు బ్రేకర్లు వేసి, ఆటోలు మెల్లగా దాటేలా చూడండి బాబూ, పక్కన ఒక మనిషిని పెట్టండి అన్నాను."

"ఏమన్నారు?"

ఆవిడ క్యారేజీ మూత సర్దింది. "అలాగే చేయిద్దామమ్మా అన్నారండీ. వెంటనే అన్నారు. ఇన్నాళ్ళూ ఒక్కరు కూడా నాతో అనలేదేంటని అడిగారు."

నేను ఏడ్చాను. ఆ వరండాలో, అందరూ చూస్తుండగా, పెద్దగా ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చెయ్యేసి, "ఇన్నాళ్ళకా అడిగేది అంటారని భయపడి చచ్చాను వదినగారూ" అంటూ తనూ ఏడ్చింది. అడగటం! ఇంత పెద్ద బజారులో, ఇంతమంది నోరున్న మనుషుల్లో, ఒక్కరూ చెయ్యని పని అది. నా నోరు మాత్రం ఏమైంది? ఊరందరితోనూ అరిచాను గానీ, హాలు దాటి ఆ ఆఫీసు మెట్లెక్కాలని నాకూ తోచలేదు. సంఘం ఉండగా ఆడది వెళ్ళడమేంటనుకున్నాం అందరం.

స్తంభాలు వెంటనే తియ్యలేదు. దానికీ మనుషులు రావాలి, రాళ్ళు రావాలి, వానలు తగ్గాలి. మామగారు ఆ వానల్లోనే పోయారు. పోయే ముందురోజు కూడా అత్తగారి చేతి గాజులు వేలితో కదుపుతూ పడుకున్నారు. ఆఖరి మాటలేవీ అనలేదు. నిద్రలోనే అయిపోయింది.

పదకొండో రోజు జరిగినవి నేను రాయను. జరగాల్సినవన్నీ జరిగాయి. వద్దని నేను గొంతెత్తితే మా ఇంటి ఆడవాళ్ళే నన్ను గదిలోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టారు. అత్తగారు మాత్రం కిక్కురుమనలేదు. అయ్యాక బయటికి వచ్చిన మనిషిని చూసి నేను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది.

కర్మకాండ ముగిసిన కొన్నాళ్ళకి అడ్డవీధి స్తంభాలు పీకారు. నేను కొట్లోనే ఉన్నాను. మనుషులు గునపాలతో తవ్వి, స్తంభాలు లారీలో పడేసి, రాళ్ళు సర్ది, అటూ ఇటూ స్పీడు బ్రేకర్లు వేశారు. మర్నాడు పొద్దున మొదటి ఆటో వచ్చి మా మెట్ల ముందు నించి మెల్లగా దాటిపోయింది. వీధిలో కొందరు చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు గారు నా దగ్గరికొచ్చి, "చూశావామ్మా, నెమ్మది మీద పని అయ్యింది" అన్నాడు. నా నోట్లోకి వచ్చిన మాట ఇక్కడ రాయకూడదు. పైకి మాత్రం "అవునండి" అన్నాను. నేనూ ఆ ఊరిదాన్నే కదా.

మళ్ళీ ముహూర్తాలొచ్చాయి. నేను పట్టుదల వదల్లేదు. ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటారు, చల్లని చెయ్యి ఎప్పుడూ చల్లనిదే, కొన్నాళ్ళు అలా కూర్చుంటే అందరూ అలవాటు పడతారు, ఇదీ నా వాదన. మా ఆయన "చూడు" అన్నాడు, అంతే. ఒకరోజు పాత ఆటో అతన్నే ఇంటికి రమ్మని చెప్పి, అత్తగారి దగ్గరికెళ్ళాను. కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"లేవండి అత్తయ్యగారూ. ఆటో వచ్చింది. అడ్డవీధి తెరిచేశారు, సరిగ్గా మన మెట్ల ముందే దిగొచ్చు. కుర్చీ అక్కర్లేదు, ఎవరూ ఎత్తక్కర్లేదు."

"దేనికమ్మా?"

"ద్రాక్షారామం ఆవిడ వస్తోంది ఇవాళ. మనవరాలికి సంబంధం కుదిరిందట. మధుపర్కాలు మీరే ఇవ్వాలి."

ఆవిడ ఒలవడం ఆపలేదు. "మతి పోయిందా నీకు?"

"ఆవిడేం అనుకోదండీ. అలాంటి మనిషి కాదు."

"అనదు" అంది. "నా ఎదురుగా కూర్చుంటది, తాంబూలం పుచ్చుకుంటది, నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటది. నా చేతిలోంచి కొంగులోకి తీసుకుంటది కూడా. మర్యాదస్తురాలు. ఇంటికెళ్ళి వాటిని బీరువాలో పెట్టేసి, ఇంకో కొట్లో ఇంకో జత కొనుక్కుంటది. పెళ్ళిలో ఆ పిల్ల కట్టుకునేది ఆ రెండో జతే. అది నాకు తెలీదనుకున్నావా?"

బయట ఆటో అతను హారన్ కొట్టాడు. ఆవిడ చేట పక్కన పెట్టి, కిటికీలోంచి ఆ ఆటోని కాసేపు చూసింది.

"ఆ దారి తెరిచారని నాకు చెప్పకుండా ఉండాల్సిందమ్మాయ్" అంది. "స్తంభాలున్నాయి కాబట్టి వెళ్ళలేకపోతున్నాననుకుంటూ ఉండేదాన్ని."

నేను బయటికెళ్ళి ఆటో పంపేశాను.